పగిలిన రాతి గిన్నె ఏ రాజు కాలానిది?

బ్రిటిష్ మ్యూజియంలో ఈఏ 35556 అనే నంబరుతో ఒక రాతి గిన్నె ముక్క ఉంది. అది దొరికింది ఈజిప్టులోని అబైడోస్‌లో, రెండో రాజవంశానికి చెందిన పెరిబ్‌సెన్ సమాధిలో. ముక్క మీద చెక్కి ఉన్న పేరు మాత్రం పెరిబ్‌సెన్‌ది కాదు, అతనికంటే ముందు ఏలిన నినెట్జెర్‌ది. పరీక్షగా చూస్తే ఆ పేరు కింద పాత గీతల ఆనవాళ్ళు కూడా ఉన్నాయి. అంతకుముందున్న చెక్కడాన్ని ఎవరో అరగదీసి, అదే చోట నినెట్జెర్ పేరు చెక్కారు. చెరిగిపోయిన ఆ పేరు రానెబ్ అనే మరో రాజుదని పరిశోధకులు గుర్తించారు.

మరి ఈ గిన్నె ఎవరి కాలానిది? దొరికిన చోటును బట్టి పెరిబ్‌సెన్ కాలానిది అనొచ్చు. పైకి కనిపించే పేరును బట్టి నినెట్జెర్ కాలానిది అనొచ్చు. చెరిపేసిన పేరును బట్టి రానెబ్ దగ్గరికి వెళ్ళొచ్చు. రానెబ్ కంటే ముందే తయారై, ఏ పేరూ లేకుండా ఏ ఖజానాలోనో కొన్నేళ్ళు ఉండి ఉండే అవకాశమూ లేకపోలేదు. ఈజిప్టు రాతి పాత్రల గురించి చదివేవాళ్ళు తికమకపడేది ఇక్కడే. పాత్ర తయారైన కాలం, దాని మీద పేరు పడిన కాలం, అది మట్టిలో కలిసిన కాలం మూడూ వేరువేరు. మ్యూజియం లేబుల్ మీద ఉండే ఒక్క తేదీ ఈ మూడింటిలో ఏదో ఒకదానికే జవాబు చెబుతుంది.

మన ఇళ్ళలో స్టీలు సామాను సంగతే చూడండి. గిన్నె తయారైంది ఒక ఏడు. దాని మీద అమ్మమ్మ పేరు, పెళ్ళి తేదీ కొట్టించింది ఇంకో ఏడు. ఇప్పుడది ఉన్నది మనవరాలి వంటింట్లో. గిన్నె మీది తేదీని పట్టుకుని ఆ వంటిల్లు కట్టిన సంవత్సరం చెప్పలేం కదా. ఈజిప్టు రాజుల ఖజానాలో రాతి పాత్రలు ఇలాగే చేతులు మారాయి. తేడా అల్లా, అక్కడ కొన్నిసార్లు పాత పేరు చెరిపేసి కొత్తది చెక్కేవాళ్ళు.

చెరిపేసిన పేరు చెప్పే చరిత్ర

చెరిపివేత అనగానే పాడైపోయిన సాక్ష్యం అనిపిస్తుంది. నిజానికి తొలి రాజవంశాల చరిత్రకు దీనికి మించిన సాక్ష్యం దొరకడం కష్టం. ఒక పేరు మీద ఇంకో పేరు ఉందంటే, పైన ఉన్నది తర్వాతిదని వేరే చెప్పనక్కర్లేదు. ఒకటో రాజవంశంలో సెమెర్‌ఖెట్ అనే రాజు తనకు ముందున్న అనెజిబ్ పేరును చాలా రాతి పాత్రల మీద చెరిపించాడు. దీన్నిబట్టి ఇద్దరిలో ఎవరు ముందో తేలిపోయింది. ఈజిప్టులోనే సక్కారా అనే శ్మశానంలో దొరికిన మరో పాత్ర మీద డెన్, అనెజిబ్, సెమెర్‌ఖెట్, కాఆ అనే నలుగురు రాజుల పేర్లూ ఉన్నాయి. అక్కడ చెరిపివేత లేదు. ఒకరి తర్వాత ఒకరు తమ పేరు చేర్చుకుంటూ పోయారు. ఒకే పాత్ర నాలుగు పాలనల్ని చూసిందన్నమాట.

ఈ వరుస సరైనదేనా అన్నది తర్వాత వేరే దారిలో రుజువైంది. 1980లలో గుంటర్ డ్రేయర్ నాయకత్వంలో జర్మన్ పురావస్తు బృందం అబైడోస్‌లో మళ్ళీ తవ్వినప్పుడు, డెన్ సమాధిలో ఒక మట్టి ముద్ర దొరికింది. అందులో నర్మెర్ నుంచి డెన్ దాకా రాజుల పేర్లు వరుసగా ఉన్నాయి. ఆ తర్వాత కాఆ సమాధి దగ్గర దొరికిన మరో ముద్ర ఒకటో వంశపు ఎనిమిది మంది రాజుల్నీ వరుసగా చెప్పింది. పాత్రల ముక్కల నుంచి కూర్చుకున్న క్రమానికి ముద్రలు బలం ఇచ్చాయి.

రెండో వంశం దగ్గరకొస్తే పరిస్థితి అంత తేలిగ్గా లేదు. ముందు చెప్పిన బ్రిటిష్ మ్యూజియం ముక్క మీద గట్టి వాదనే నడుస్తోంది. అది అర్థం కావాలంటే ఈజిప్టు రాజుల పేర్ల సంగతి కొంచెం తెలియాలి. రాజుకు ఒకటికి మించి పేర్లుండేవి. ఒకటి హోరస్ పేరు. రాజభవనం గోడలా గీసిన చట్రంలో ఆ పేరు రాసి, చట్రం మీద డేగను కూర్చోబెడతారు. ఇంకొకటి ‘ఎగువ దిగువ ఈజిప్టుల రాజు’ అనే బిరుదుతో వచ్చే పేరు. చిక్కేమిటంటే, ఈ కాలంలో కొందరు రాజులు ఒక రకం పేరుతోనే మనకు తెలుసు. రానెబ్ అనేది హోరస్ పేరు. వెనెగ్ అనే ఇంకో పేరు బిరుదుతోనే కనిపిస్తుంది, అదీ దాదాపుగా రాతి పాత్రల మీదే. వీళ్ళు ఇద్దరు రాజులా, రెండు పేర్లున్న ఒకే రాజా?

చాలాకాలం వెనెగ్‌ను వేరే రాజుగానే లెక్కపెట్టారు. ఒకటో సేతి కట్టించిన అబైడోస్ గుడిలో గోడ మీద పాత రాజుల జాబితా ఉంది. అందులో నినెట్జెర్‌గా గుర్తించిన రాజు తర్వాత వచ్చే వజ్‌నెస్ అన్న పేరు, వెనెగ్‌ను తర్వాతివాళ్ళు తప్పుగా చదివి రాసిందేనని 1944లో ఒక ప్రతిపాదన వచ్చింది. అది బాగా నిలబడింది. అలా చూస్తే వెనెగ్ నినెట్జెర్ తర్వాతివాడు అవుతాడు. అయితే జర్మన్ ఈజిప్టాలజిస్టు యోఖెమ్ కాల్ ఈ ముక్కను మళ్ళీ పరిశీలించి, నినెట్జెర్ పేరు కింద రానెబ్ పేరుతో పాటు వెనెగ్ పేరు జాడలు కూడా ఉన్నాయన్నాడు. ఆయన చదివింది సరైతే వెనెగ్ నినెట్జెర్ కంటే ముందువాడు. అంతేకాదు, రానెబ్, వెనెగ్ ఒకే మనిషి. రాజుల పట్టికలో ఒకరు తగ్గిపోతారు.

దీన్ని అందరూ ఒప్పుకోలేదు. జాడలు అంత స్పష్టంగా లేవన్నది అవతలివాళ్ళ అభ్యంతరం. సేతి గుడి జాబితా రెండో వంశం గడిచిన సుమారు 1,400 ఏళ్ళ తర్వాత చెక్కింది. ఆ మధ్యలో పాత లిపిని తప్పుగా చదివిన సందర్భాలు చాలా ఉన్నాయి. కాబట్టి జాబితా చెప్పే వరుస కంటే, రెండో వంశం నాడే పడిన ఉలి గీతకు ఎక్కువ విలువివ్వాలని నేను నమ్ముతాను. కానీ ఆ గీత అక్కడ ఉందని ముందు పదిమంది కళ్ళూ ఒప్పుకోవాలి. అరిగిన రాతిమీద కన్ను తను ఆశించింది చూస్తుంది. అందుకే ఇలాంటి ముక్కల్ని ఇప్పుడు వెలుతురును అన్ని దిక్కుల నుంచీ మార్చి మార్చి వేసి డజన్ల కొద్దీ ఫొటోలు తీసి, కంప్యూటర్‌లో కలిపి చూస్తున్నారు. ఏటవాలు వెలుతురులో లోతు లేని గీతకు కూడా నీడ పడుతుంది.

పిరమిడ్ కింద నలభై వేల పాత్రలు

సక్కారాలోని మెట్ల పిరమిడ్‌ను మూడో వంశపు రాజు జోసర్ కట్టించాడు. 1930లలో దాని కింద సొరంగాలు తవ్వి చూసినప్పుడు దాదాపు 40,000 రాతి పాత్రలు బయటపడ్డాయి. చాలావాటి మీద కప్పు కూలి అవి ముక్కలైపోయాయి. తెల్లటి, తేనెరంగు కాల్సైట్ రాతి పళ్ళేలు, ముదురు బూడిదరంగు రాతి గిన్నెలు, మచ్చల రాతి జాడీలు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటి మీది పేర్లు జోసర్‌వి కావు, ఒకటో వంశం, రెండో వంశం రాజులవి. కొన్నింటి మీద చెక్కడం కాకుండా నల్ల సిరాతో రాత ఉంది. ఎవరి పండుగకు ఇచ్చారు, ఏ అధికారి తెచ్చాడు లాంటి వివరాలవి.

పాతవాళ్ళ సామాను జోసర్ పిరమిడ్ కిందికి ఎందుకొచ్చింది? దోపిడీకి గురైన పాత సమాధుల నుంచి మిగిలినవి భక్తిగా తెచ్చి భద్రపరిచారని కొందరు అన్నారు. అవి అసలు సమాధులకు వెళ్ళనే లేదని, తరతరాలుగా రాజుల గోదాముల్లో పేరుకున్న కానుకలని మరికొందరన్నారు. నాకు రెండోదే ఎక్కువ సబబుగా కనిపిస్తుంది. సిరా రాతల్లో చాలాభాగం గోదాము లెక్కల పద్ధతిలోనే ఉన్నాయి. ఏ వాదన నిజమైనా, ఒక్క సంగతిలో మాత్రం అనుమానం లేదు. ఈ ముక్కల్లో దేన్నైనా విడిగా తీసి, దొరికిన చోటు చెప్పకుండా మన చేతిలో పెడితే, పేరు చూసి ‘ఒకటో వంశపు సమాధిలోది’ అనేస్తాం. పప్పులో కాలేసినట్టే.

ఈ పొరపాటు ఎంత దూరం పోగలదో సిరియాలోని ఎబ్లా చూపిస్తుంది. ఇటలీ నుంచి వెళ్ళిన పావోలో మత్తియే బృందం అక్కడ 1970లలో మంటల్లో కూలిపోయిన ఒక రాజభవనాన్ని తవ్వింది. వేల మట్టి పలకలతో ప్రసిద్ధికెక్కిన భవనమది. అందులో ఈజిప్టు రాతి పాత్రల ముక్కలు కూడా దొరికాయి. కొన్ని గట్టి డయోరైట్ ముక్కల మీద గిజాలో రెండో పెద్ద పిరమిడ్ కట్టించిన ఖఫ్రే పేరు ఉంది. ఒక కాల్సైట్ మూత మీద ఆరో వంశపు ఒకటో పెపి పేరు ఉంది. ఇద్దరికీ మధ్య రెండు శతాబ్దాలకు పైనే తేడా. భవనం తగలబడింది పెపి రాజయ్యాకనే అని ఆ మూత తేల్చి చెబుతుంది, ఎందుకంటే లేని రాజు పేరు ముందుగా ఎవరూ చెక్కరు. ఎంత తర్వాత అన్నది మాత్రం అది చెప్పలేదు. ఒకవేళ ఆ మూత దొరక్కుండా ఖఫ్రే ముక్కలే దొరికి ఉంటే? ఎబ్లా నాశనాన్ని, దానితో పాటు ఆ మట్టి పలకల కాలాన్ని రెండు వందల ఏళ్ళు వెనక్కి నెట్టే ప్రమాదం ఉండేది. ఖఫ్రే గిన్నె అప్పటికే తరాల నాటి వస్తువు. ఏ రాయబారి ఎప్పుడు తెచ్చాడో, ఎన్ని చేతులు మారిందో దాని మీద రాసి లేదు. పేరున్న ముక్క ఒక హద్దు మాత్రమే చూపిస్తుంది: ఇంతకంటే ముందు కాదు.

రాయి, ఇసుక, రాగి గొట్టం

ఇక మొదటి కాలం సంగతి, అంటే తయారీ. రాయి వయసును కార్బన్ పరీక్షతో కొలవలేం. ఆ పరీక్ష ఒకప్పుడు ప్రాణమున్న వాటికే పనిచేస్తుంది. దీన్ని పట్టుకుని కొన్నేళ్ళుగా యూట్యూబ్‌లో ఒక వాదన జోరుగా తిరుగుతోంది. ఈ పాత్రలు ఈజిప్టువాళ్ళవే కాదట, అంతకు వేల ఏళ్ళ ముందున్న ఏదో నాగరికత యంత్రాలతో చేసిందట, ఫారోలకు అవి దొరికాయట. తెలుగులోనూ ఇలాంటి వీడియోలకు బోలెడు వ్యూస్ వస్తాయి. చూసేవాళ్ళను తప్పుపట్టను. గట్టి రాతిలో సన్నటి అంచు, ఇరుకు మెడ ఉన్న జాడీ చూస్తే ఎవరికైనా నోట మాట రాదు. కానీ ఆ ఆశ్చర్యానికి జవాబు పగిలిన ముక్కల్లోనే ఉంది.

చెక్కు చెదరని జాడీ లోపల ఏముందో మనకు కనపడదు. మెడ రెండు వేళ్ళు కూడా పట్టనంత ఇరుకు. అదే జాడీ పగిలితే లోపలి గోడ మొత్తం బయటపడుతుంది. అక్కడ, నునుపు చేయకుండా వదిలేసిన భాగంలో, చుట్టూ తిరిగే గాడులు వరుసగా కనిపిస్తాయి. ఒక్కో గాడి వెడల్పు, లోతు ఒక్కోలా ఉంటాయి. కొన్నిచోట్ల ఒక వరుస ఆగి, కాస్త పక్కకు జరిగి ఇంకో వరుస మొదలవుతుంది. బొరిమె, అంటే తొలిచే పనిముట్టు, దాని కొనన ఉండే బిట్‌ను మార్చిన చోటు అది. బయటివైపు గీతలు ఇలా గుండ్రంగా ఉండవు, అడ్డదిడ్డంగా ఉంటాయి. అక్కడ చేత్తో రాయి పెట్టి అరగదీశారు. విరిగిన అంచు వెంబడి మందం కొలిస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వస్తుంది.

పనిముట్లు కూడా తెలియనివి కావు. చెక్క కాడ, దాని పైభాగాన బరువుకోసం కట్టిన రాళ్ళు, కింద చీలిన కొన. ఆ చీలికలో రాతి బిట్‌ను బిగిస్తారు. నడుము దగ్గర సన్నగా ఉండే బిట్‌ను ఇరుకు మెడలోంచి నిలువుగా దించి, లోపల అడ్డంగా తిప్పి బిగిస్తే, మెడకంటే పొట్ట వెడల్పుగా తొలవొచ్చు. సక్కారాలో ఆరో వంశపు మంత్రి మెరెరుకా సమాధి గోడల మీద పనివాళ్ళు ఈ బొరిమెతో పాత్రలు తొలిచే దృశ్యం చెక్కి ఉంది. చేతిపనిని సూచించడానికి ఈజిప్టు లిపిలో వాడే గుర్తే ఈ బొరిమె బొమ్మ.

గట్టి రాళ్ళకు రాగి గొట్టం వాడారు. రాగి మెత్తన కదా, డయోరైట్‌ను ఎలా కోస్తుందన్నది అందరూ అడిగే ప్రశ్న. కోసేది రాగి కాదు, ఇసుక. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో రాగి 3 దగ్గర ఉంటుంది, ఇసుకలోని క్వార్ట్జ్ 7. గొట్టం తిరుగుతుంటే ఇసుక రేణువులు దాని అంచులో ఇరుక్కుని రాతిని నమిలేస్తాయి. గొట్టం కూడా అరిగిపోతుంది, మళ్ళీ కొత్తది పెట్టాలి. బ్రిటన్‌లో డెనిస్ స్టాక్స్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి ఇదే పద్ధతిలో పనిముట్లు తయారుచేసుకుని, రాళ్ళు తొలిచి, పాత్ర చేసి చూపించాడు. పని చాలా నెమ్మది, కానీ అవుతుంది. పైగా ఈజిప్టులో సగంలో ఆగిపోయిన పాత్రలు దొరికాయి, అరిగిపోయిన రాతి బిట్లు దొరికాయి. ఏ మాయమైన నాగరికతా తన సగం పనిని ఇంకొకరి వర్క్‌షాపులో వదిలి వెళ్ళదు.

కాలం విషయానికొస్తే, రాయిని కొలవలేకపోయినా దాని పక్కన ఉన్నవాటిని కొలవొచ్చు. రాజవంశాలకు ముందటి నకాడా కాలపు సమాధుల్లో, అంటే సుమారు క్రీ.పూ. 4000 నుంచి, రాతి పాత్రలు మట్టి కుండలతో, ఎముకలతో కలిసి దొరుకుతున్నాయి. ఆకారాలు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. రాళ్ళు ఎక్కడివో కూడా తెలుసు. కాల్సైట్‌కు హత్నుబ్ గనులు పేరుపడ్డాయి. ముదురు బూడిదరంగు గ్రేవాక్ రాయి వాడీ హమ్మామత్ అనే ఎడారి లోయది. ఖఫ్రే విగ్రహాలకు వాడిన, పాత లేబుళ్ళలో డయోరైట్ అని రాసే నీలి ఛాయ రాయి అబూ సింబెల్‌కు వాయవ్యంగా ఎడారిలో ఉన్న గెబెల్ ఎల్ అస్ర్ నుంచి వచ్చింది.

వీడియోల్లో తరచూ కనిపించే సాబు పళ్ళేన్ని కూడా ఈ వెలుతురులోనే చూడాలి. 61 సెంటీమీటర్ల వెడల్పున్న ఈ రాతి పాత్రకు మూడు రేకులు లోపలికి మడిచినట్టుంటాయి. విమానం ప్రొపెల్లర్ అంటారు. 1936లో పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఎమెరీ సక్కారాలో సాబు అనే ఒకటో వంశపు అధికారి సమాధిలో దాన్ని కనుగొన్నప్పుడు అది ముక్కలుగా ఉంది. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసేది అతికించిన రూపం. అది వేగంగా తిరిగే యంత్రభాగమే అయితే అంత పెళుసు రాయితో చేయరు. ఒంపు తిరిగిన రేకుల్నీ ఆకుల్నీ బుట్టల్నీ రాతిలో చేసి చూపడం ఆ కాలపు పనివాళ్ళకు ఇష్టమైన విద్య. ఈ పళ్ళేన్ని ఆ వరుసలో పెట్టి చూస్తే అది వాళ్ళ గొప్పతనానికి నిదర్శనం. దాన్ని వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని ఎవరికో కట్టబెట్టడం నాకు బాధ కలిగించే విషయం.

ముక్కలు ఊళ్ళు పట్టిన కథ

ఇన్ని మ్యూజియంలలో ఇన్ని ముక్కలు ఎలా చేరాయి? చాలావాటి దారి అబైడోస్‌లోని ఉమ్ ఎల్ కాబ్ నుంచి మొదలవుతుంది. ఒకటో వంశపు రాజుల సమాధులు అక్కడే ఉన్నాయి. పాతకాలంలోనే దోచారు, తగలబెట్టారు. తర్వాతి ఈజిప్షియన్లు జెర్ రాజు సమాధిని ఒసైరిస్ దేవుడి సమాధిగా భావించి వేల ఏళ్ళపాటు మొక్కుకుంటూ కుండలు సమర్పించారు. 1895-98 మధ్య ఫ్రాన్స్ నుంచి ఎమిల్ అమెలినో వచ్చి తవ్వాడు. నచ్చినవి తీసుకుని, వివరాలు సరిగ్గా రాయకుండానే వెళ్ళిపోయాడు. 1899లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ వచ్చి, అమెలినో వదిలేసిన గుట్టల్ని రెండు సీజన్లపాటు మళ్ళీ జల్లించాడు. అమెలినో మనుషులు రాతి పాత్రల్ని కావాలనే పగలగొట్టారని పెట్రీ ఘాటుగా రాశాడు. పోటీదారుడి మాటగా దాన్ని కొంత తగ్గించుకుని వినాలి. అయినా అమెలినో రికార్డు లేకుండా తవ్వడం వల్ల పోయింది మళ్ళీ రాదు.

పెట్రీ ముక్కల్లో మాత్రం ఒక చిన్న విషయం గమనించాలి. ఆయన ఒక్కో సమాధికి ఒక్కో అక్షరం పెట్టుకున్నాడు. డెన్‌ది టి, కాఆది క్యూ, పెరిబ్‌సెన్‌ది పి, ఖాసెఖెమ్వి అనే మరో రాజుది వి. ఏ సమాధిలో దొరికిందో ఆ అక్షరం ముక్క మీదే సిరాతో రాసేవాడు. తర్వాత ఆనాటి చట్టం ప్రకారం దొరికినవాటిలో కైరో మ్యూజియంకు కొంత పోగా, మిగిలినవి తవ్వకాలకు చందా ఇచ్చిన సంస్థలకు పంచారు. బ్రిటన్ నుంచి తవ్వకాలు చేసిన సంస్థల ద్వారా ఇలా ఐదు ఖండాల్లో మూడు వందలకు పైగా సంస్థలకు ఈజిప్టు వస్తువులు చేరాయి. ఒకే గిన్నె ముక్కలు వేరువేరు దేశాల్లో తేలడానికి ఇదే కారణం. కాగితం మీది జాబితా పోయినా, ముక్క వెనక ఆ ఒక్క సిరా అక్షరం మిగిలితే చాలు, దాని చోటు మళ్ళీ దొరుకుతుంది. ఆ అక్షరం మురికి అనుకుని ఎవరైనా కడిగేసి ఉంటే ఇక అంతే.

అందుకే మ్యూజియం వెబ్‌సైట్లలో ఇలాంటి ముక్క కనిపిస్తే నేను రాజు పేరుకంటే ముందు దొరికిన చోటు, తవ్వినవాళ్ళు, మ్యూజియంకు చేరిన తీరు అన్న మూడు గడులూ చూస్తాను. ‘డీలర్ దగ్గర కొన్నది’ అని ఉంటే పేరు మీద అంత భరోసా పెట్టుకోను. రాజు పేరుంటే ధర పెరుగుతుందని వ్యాపారులకు బాగా తెలుసు. అసలైన పాత గిన్నె మీద కొత్తగా పేరు చెక్కితే రాయిని పరీక్షించినంత మాత్రాన మోసం బయటపడదు. గాడి లోపలి అంచుల్ని మైక్రోస్కోపు కింద చూడాలి.

పేరు లేని ముక్క కూడా పనికిరానిదేం కాదు. మూతి అంచు ఒక్కటి చాలు. ఒకదాని లోపల ఒకటిగా వృత్తాలు గీసిన కాగితం మీద ఆ అంచును బోర్లించి, సందులోంచి వెలుతురు రాకుండా కూర్చునేదాకా వాల్చి చూస్తారు. ఏ వృత్తంతో కలిసిందో అదే పాత్ర మూతి కొలత. గోడ ఒంపును బట్టి మిగతా ఆకారం గీస్తారు. ఇలా గీసిన బొమ్మలు చేతిలో ఉంటే లండన్ ముక్కనూ కైరో ముక్కనూ కదిలించకుండానే పక్కపక్కన పెట్టి పోల్చొచ్చు. బెల్జియంలో బ్రసెల్స్ మ్యూజియంలో అబైడోస్ నుంచి వచ్చిన రాతి పాత్రల ముక్కల మీది సిరా రాతల్ని ఇలోనా రెగుల్స్కి అనే పరిశోధకురాలు చదివి, జోసర్ పిరమిడ్ కింద దొరికిన వాటితో అక్షరం అక్షరం పోల్చింది. వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు శ్మశానాల్లో దొరికిన పాత్రల మీద ఒకే తీరు రాతలు కనిపించాయి.